పాత ఇంకు పెన్నుతో రోజూ రాసుకోవాలంటే: ఎంచుకోవడం, కడగడం, పాళీ సరిచేసుకోవడం

పాత ఇంకు పెన్ను చేతికి రాగానే అందరి కళ్ళూ దాని ఒంటి మీదికే పోతాయి. రంగు వెలిసిందా, గీతలు పడ్డాయా, క్లిప్పు మీద కంపెనీ పేరు ఉందా అని తిప్పి తిప్పి చూస్తారు. రాసుకోవడానికి కొనేవాళ్ళు ముందు చూడాల్సింది పాళీ కొసను. అక్కడ ఆవగింజలో సగం కూడా ఉండని గట్టి లోహపు బిందువు అతికించి ఉంటుంది. వాడుకలో ఇరీడియం అంటాం గానీ చాలావాటిలో అది ఆస్మియం, రుథీనియం లాంటి లోహాల మిశ్రమం. కాగితాన్ని తాకేది అదొక్కటే. అది చెక్కుచెదరకుండా ఉంటే మిగతా జబ్బులు చాలావాటికి ఇంట్లోనే వైద్యం చేసుకోవచ్చు. అది ఊడిపోయిందా, ఇక ఆ పెన్ను ఎంత నిగనిగలాడినా వేరే పాళీ దొరికేదాకా పక్కన పెట్టాల్సిందే.

కొన్ని వందల రూపాయల నుంచి మూడు నాలుగు వేలలోపు దొరికే పెన్నుల గురించే ఇక్కడ చెబుతున్నాను. అద్దాల బీరువాలో దాచుకునే అరుదైన పెన్నుల లెక్కలు వేరు.

ఏ రకంతో మొదలుపెట్టాలి

పాత పెన్నుల్లో అసలు తేడా ఇంకు ఎక్కడ నిలవ ఉంటుంది, ఎలా లోపలికి వెళుతుంది అన్న దగ్గరే ఉంది. పాడయ్యే భాగాలు ఎంత తక్కువ ఉంటే అంత సుఖం. అందుకని నేను చెప్పే వరస ఇది.

మొదటిది డ్రాపర్‌తో ఇంకు పోసుకునే రకం. పెన్ను ఒళ్ళే ట్యాంకు. లోపల రబ్బరు లేదు, స్ప్రింగు లేదు, తుప్పు పట్టే రేకు లేదు. మన దేశంలో తయారైన పాత పెన్నుల్లో ఎక్కువ భాగం ఇవే. రాజమండ్రి రత్నం పెన్నుల పేరు తెలుగువాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. కె.వి. రత్నం గారు చేసి పంపిన పెన్నును వాడి చూసి, బజార్లో దొరికే విదేశీ పెన్నులకు బదులుగా బాగా పనికొస్తుందని గాంధీగారు 1935లో ఉత్తరం రాశారు. అలాంటి ఎబొనైట్ (గట్టిపరిచిన రబ్బరు) పెన్నులు, బొంబాయి నుంచి వచ్చిన ఎయిర్‌మెయిల్ పెన్నులు ఇప్పటికీ చాలా ఇళ్ళల్లో సొరుగుల్లో పడి ఉన్నాయి.

రెండోది మెత్తటి తిత్తిని నొక్కి వదిలితే ఇంకు పీల్చుకునే రకం. ఇందులో అందరికీ తెలిసింది షాంఘైలో తయారైన హీరో పెన్ను. పదో తరగతి పరీక్షలకి మేనమామ కొనిచ్చిన హీరో పెన్ను ఉన్నవాళ్ళు, దాన్ని ఇంకా పారేయకపోతే, ఈరోజే బయటికి తీయండి. ఈ రకానికి పెద్దన్న పార్కర్ 51. అది 1941లో వచ్చింది. నొక్కే తిత్తి మాత్రం 1948లో పెట్టారు. ఆ తిత్తికి వాడిన ప్లాస్టిక్ ఎంత మన్నికైనదంటే, డెబ్బై ఏళ్ళు దాటినా చాలా పెన్నుల్లో మొదటి తిత్తే ఇంకా పనిచేస్తోంది. కాకపోతే దాని ధర ఈమధ్య బాగా పెరిగింది. దాని చౌక తమ్ముడు పార్కర్ 21 కూడా 1948లోనే వచ్చింది. బాగానే రాస్తుంది గానీ పాళీని కప్పే ప్లాస్టిక్ తొడుగు పగిలే గుణం దానిది. కొనేముందు ఆ తొడుగును వెలుతురులో చుట్టూ తిప్పి చూడాలి.

మూడోది పార్కర్ 45. 1960లో వచ్చింది. ఇవాళ దుకాణంలో దొరికే పార్కర్ కన్వర్టరు (సీసాలోంచి ఇంకు పీల్చుకునే చిన్న గొట్టం), కార్ట్రిడ్జి (ఇంకు నింపి అమ్మే గొట్టం) దీనికి సరిపోతాయి. పాళీ మరతో ఊడొస్తుంది కాబట్టి కడగడం చిటికెలో పని. ఆఫీసులో రాసుకునేవాళ్ళు ఎవరడిగినా నేను ముందు చెప్పేది దీని పేరే.

నాలుగోది పక్కన చిన్న లీవరు లేపి ఇంకు నింపే రకం. లోపల రబ్బరు సంచి ఉంటుంది. ఆ రబ్బరు ఈపాటికి ఎండి అప్పడంలా విరిగిపోయి ఉంటుందనే అనుకోవాలి. మార్చడం కష్టమేమీ కాదు, కానీ మొదటి పెన్నుకే ఆ తలనొప్పి ఎందుకు? అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు మాత్రం ఈ వరస కొంచెం మార్చుకోవచ్చు. అక్కడి పాత సామాన్ల దుకాణాల్లో ఎస్టర్‌బ్రూక్ జె రకం పెన్నులు ఇప్పటికీ తక్కువ ధరకే దొరుకుతాయి. వాటి పాళీ మొత్తంగా మరతో ఊడొస్తుంది; సన్నం, మధ్యస్థం, వెడల్పు ఏది కావాలంటే అది బిగించుకోవచ్చు. పాళీ మీద నాలుగంకెల నంబరు ఉంటుంది. 9తో మొదలైతే కొసకు గట్టి లోహం అతికించినది. 1, 2 అంకెలతో మొదలైతే ఉక్కునే వంచి కొసగా మలిచినది, అది తొందరగా అరుగుతుంది.

షెఫర్ స్నోర్కెల్, పార్కర్ వాక్యుమాటిక్ లాంటివి చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. ఇంజినీరింగు కూడా గొప్పదే. విప్పి బాగుచేసే మనిషి దగ్గర్లో లేకపోతే వాటి జోలికి వెళ్ళొద్దు.

ఎక్కడ వెతకాలి

ముందు ఇంట్లో. అటక మీది ట్రంకుపెట్టె, తాతగారి బల్ల సొరుగు, పాత కళ్ళజోళ్ళు దాచిన డబ్బా. ఆ తర్వాత మీ ఊళ్ళో బాగా పాతబడిన స్టేషనరీ కొట్టు. "అమ్ముడుపోని ఇంకు పెన్నులేమైనా మిగిలాయా అండీ" అని పెద్దాయన్ని అడగండి. కౌంటరులో కూర్చున్న కుర్రాడికి ఆ డబ్బా ఎక్కడుందో తెలియదు. హైదరాబాదులో ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమ్మెరాత్ బజారు లాంటి చోట్ల అదృష్టం కలిసొస్తే దొరుకుతాయి. అబిడ్స్‌లో 1928 నుంచి ఉన్న డెక్కన్ పెన్ స్టోర్స్ లాంటి కొట్లో పెన్ను రాయించి చూసి కొనుక్కోవచ్చు.

ఆన్‌లైన్లో కొంటుంటే పాళీని ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫొటో అడగండి. "టెస్ట్ చేయలేదు" అని రాసి ఉంటే పనిచేయదనే లెక్కేసుకుని ధర కట్టండి. హీరో 616 పేరుతో నకిలీలు కుప్పలు. డజను పెన్నులు అతి చౌకగా ఇస్తామనే చోట అసలువి ఉంటాయని ఆశ పెట్టుకోకండి.

కొనేముందు చేయాల్సిన తనిఖీ

చిన్న ఇంకు సీసా, తెల్ల కాగితం, గడియారాలు బాగుచేసేవాళ్ళు వాడే భూతద్దం జేబులో వేసుకుని వెళ్ళండి. భూతద్దం లేకపోతే ఫోను కెమెరాను జూమ్ చేసినా పని జరుగుతుంది.

పాళీని ముక్కుసూటిగా కంటికి ఎదురుగా పెట్టి చూడండి. చీలికకి అటూ ఇటూ రెండు చిన్న గుండ్రటి దిమ్మలు సమానంగా కనిపించాలి. ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటే ఫర్వాలేదు, సరిచేయొచ్చు. ఒక దిమ్మ అసలు లేకపోతే పెన్నును మర్యాదగా తిరిగి ఇచ్చేయండి. తర్వాత మూత అంచును వెలుతురుకి పట్టి వెంట్రుకలాంటి పగుళ్ళు ఉన్నాయేమో చూడండి. మూత పగిలితే లోపలికి గాలి ఆడి పాళీ ఎండిపోతుంది. ఒళ్ళు, పాళీ బిగించి ఉండే మెడ కలిసే చోట మర గట్టిగా బిగుస్తోందో లేదో కూడా చూసుకోవాలి. డ్రాపర్ పెన్నుకి ఇది ప్రాణం.

ఒంటిని బొటనవేలితో వేడెక్కేలా రుద్ది వాసన చూడండి. గంధకం వాసనొస్తే ఎబొనైట్, కర్పూరం వాసనొస్తే సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్. ఇంటికెళ్ళాక ఏ పెన్నును ఎలా కడగాలన్నది దీన్ని బట్టే ఉంటుంది.

ఆఖర్న పాళీని ఇంకులో ముంచి రాసి చూడండి. ఏం రాయాలి అంటే, సున్నాలు చుట్టండి. వరసగా, గొలుసులాగా. మన లిపి అంతా వంపులే కాబట్టి పాళీలో లోపం సున్నా చుట్టగానే బయటపడుతుంది. గీత కుడివైపుకి వెళ్ళేటప్పుడు గీరుకుంటుంటే పాళీ చీలికకి ఎడమవైపు సగం, అంటే ఎడమ రెక్క, కిందికి దిగినట్టు. ఎడమవైపుకి వెళ్ళేటప్పుడు గీరుకుంటే కుడి రెక్క దిగినట్టు. ఆ తర్వాత ఘ, ఝ, క్ష్మి, స్త్రీ రాయండి. ఒత్తుల్లో, తలకట్ల దగ్గర సందులు పూడిపోతుంటే ఆ పాళీ మీ రాతకి లావు ఎక్కువ. ఇంగ్లీషు సంతకానికి దర్జాగా ఉండే వెడల్పు పాళీ తెలుగు పేజీకి పనికిరాకపోవడం మామూలే. సన్నటి హీరో పాళీ మన అక్షరానికి చక్కగా కుదురుతుంది.

కడగడం

కొత్తగా ఇంటికొచ్చిన పాత పెన్నులో ఇంకు పోసేయాలని చేతులు తహతహలాడతాయి. కడిగాకే పోయండి. లోపల ఎప్పటిదో ఇంకు ఎండి గడ్డకట్టి ఉంటుంది.

గది వేడిమిలో ఉన్న నీళ్ళు చాలు. వేడినీళ్ళు పోస్తే సెల్యులాయిడ్ వంకర తిరుగుతుంది, ఎబొనైట్ నలుపు పోయి ముదురు ఆకుపచ్చగానో గోధుమరంగుగానో మారుతుంది. స్పిరిట్, శానిటైజరు, నెయిల్ పాలిష్ రిమూవరు దగ్గరికే రానివ్వొద్దు. కొన్ని ప్లాస్టిక్‌లు వాటిలో కరిగిపోతాయి.

పాళీ ఉన్న మెడ భాగం మాత్రమే మునిగేలా చిన్న గ్లాసులో నీళ్ళు పోసి రాత్రంతా ఉంచండి. పొద్దున పసిపిల్లల ముక్కు శుభ్రం చేసే రబ్బరు బల్బును మెడ వెనక భాగానికి ఆనించి నీళ్ళు బలంగా నెట్టండి. మెడికల్ షాపులో దొరుకుతుంది. ఇంతకంటే మంచి పనిముట్టు నాకు తెలీదు. నీళ్ళు తేటగా వచ్చేదాకా చేయాలి. మొండి మరకకి గ్లాసు నీళ్ళలో అంట్లు తోమే లిక్విడు ఒక చుక్క కలపండి. ఇంకా కదలకపోతే పది వంతుల నీళ్ళకి ఒక వంతు అమ్మోనియా కలిపి కొద్దిసేపు ఉంచి, వెంటనే మంచినీళ్ళతో కడిగేయాలి. అమ్మోనియాని బ్లీచింగ్ ద్రవంతో ఎప్పుడూ కలపకండి, విషవాయువు పుడుతుంది.

పార్కర్ 51, హీరోల్లాంటి తొడుగు పాళీ పెన్నులకి ఓపిక కావాలి. తొడుగు లోపల ఇంకును పట్టి ఉంచే సన్నటి గాడులు చాలా ఉంటాయి. నీళ్ళు పీల్చి వదలడం మళ్ళీ మళ్ళీ చేసి, పాళీని టిష్యూ కాగితానికి ఆనించి నిలబెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దునకి కాగితం మీద నీలిమచ్చ ఉంటే ఇంకా అయిపోలేదన్నమాట. తొడుగును విప్పాలని మాత్రం పట్టకారు పట్టొద్దు.

డ్రాపర్ పెన్నుల్లో పాళీ, దాని కింద ఆనుకుని ఇంకు అందించే నల్లటి ఫీడ్ సాధారణంగా మెడలోకి బిగించి ఉంటాయి. రెండింటినీ సైకిల్ ట్యూబు ముక్కతో కలిపి పట్టుకుని మెలితిప్పకుండా నేరుగా లాగితే వచ్చేస్తాయి. ఫీడ్ గాడిలోని మురికిని మెత్తటి టూత్‌బ్రష్‌తో తీయండి. మళ్ళీ పెట్టేటప్పుడు ఫీడ్ మధ్యగీత పాళీ చీలికకి సరిగ్గా కింద ఉండాలి.

పాళీ సరిచేసుకోవడం

చిన్నప్పుడు బళ్ళో మనం చేసిన వైద్యాలు రెండు. పాళీ గీరుకుంటే గచ్చు మీద రుద్దడం, ఇంకు రాకపోతే చీలికలో బ్లేడు దూర్చి లాగడం. పాత పెన్నుల కొసలు సగానికి సగం ఈ రెండింటికే బలయ్యాయని నా గట్టి అనుమానం. బ్లేడు పదును చీలిక లోపలి గోడల మీద గీతలు పెడుతుంది. అదే పనికి బాగా పలచటి ఇత్తడి రేకు ముక్క వాడితే పదును ఉండదు, మురికీ వస్తుంది, చీలిక కాస్త తెరుచుకుంటుంది కూడా.

గీరుకునే పాళీలో ముందు చూడాల్సింది రెక్కల ఎత్తు. ఏ రెక్క కిందికి దిగిందో సున్నాల పరీక్షలో తెలిసింది కదా. ఆ రెక్క కింద గోరు పెట్టి నెమ్మదిగా పైకి ఎత్తి రెండు క్షణాలు పట్టుకుని వదలండి. లోహం కాస్త వెనక్కి వస్తుంది, కంగారుపడి గట్టిగా వంచొద్దు. భూతద్దంతో చూడండి, రాయండి, మళ్ళీ చేయండి. గీరుకునే పాళీల్లో చాలావాటికి ఈ ఒక్క పనే సరిపోతుంది.

రెక్కలు సమానంగా ఉండి కూడా గరుకుగా ఉంటే అప్పుడు నునుపు చేసే కాగితం. 12000 గ్రేడు మైక్రోమెష్ ముక్క కొనండి. ఇంకుతో తడిగా ఉన్న పాళీని, మామూలుగా రాసేటప్పుడు పట్టుకునే కోణంలోనే, బరువు వేయకుండా దాని మీద ఎనిమిదంకె నాలుగైదుసార్లు రాయండి. ఆగి, కాగితం మీద పరీక్షించండి. పోయిన లోహం తిరిగి రాదు కాబట్టి "ఇంకొంచెం, ఇంకొంచెం" అనే ఆశ ఇక్కడ పనికిరాదు. హార్డ్‌వేర్ షాపు ఉప్పుకాగితం అసలే వద్దు.

ఇంకు సన్నగా, తడారినట్టు వస్తోందా? పాళీకీ ఫీడ్‌కీ మధ్య వెలుతురు కనిపిస్తోందేమో చూడండి. ఫీడ్ ఎబొనైట్‌ది అయితేనే ఈ చిట్కా. మెడను పెన్ను నుంచి విడదీసి, బయటికి కనిపించే పాళీ, ఫీడ్ మాత్రమే మునిగేలా పొగలు కక్కే నీళ్ళలో ఇరవై ముప్పై క్షణాలు ఉంచి, తీసి, గుడ్డతో పట్టుకుని పాళీ వైపుకి ఫీడ్‌ను నొక్కి చల్లారేదాకా వదలకండి. మెత్తబడిన ఎబొనైట్ పాళీ వంపుకి అతుక్కుపోతుంది. వేడినీళ్ళు వద్దన్న మాటకి ఇదొక్కటే మినహాయింపు. ప్లాస్టిక్ ఫీడ్ మీద మాత్రం ఇది చేయొద్దు.

లీవరు పెన్నుకి రబ్బరు సంచి

తప్పించుకోలేక లీవరు పెన్నే చేతికొస్తే: మెడను హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా చేసి, ఊపుతూ నెమ్మదిగా లాగండి. డ్రయ్యర్‌ను దూరంగా పట్టండి, సెల్యులాయిడ్‌కి తొందరగా మంటంటుకుంటుంది. పాత రబ్బరు పెంకులన్నీ గీకేయండి. సరైన కొలత సంచి తెప్పించుకోండి. ఎస్టర్‌బ్రూక్ జె పెద్ద సైజుకైతే 16 నంబరు. మెడ చివర షెల్లాక్ పూసి సంచి తొడగండి. వడ్రంగులు చెక్క పాలిష్‌కి వాడే లక్క ద్రావణం ఇదే. ఒక రాత్రి ఆరాక సంచికి ఫేసు పౌడర్‌లో పడే వాసనలేవీ లేని ఉత్త టాల్కం పూసి లోపలికి పెట్టండి. సూపర్ గ్లూ వాడితే ఆ తర్వాత ఇక ఎవరూ విప్పలేరు.

ఇంకు పోయడం, కక్కకుండా చూసుకోవడం

డ్రాపర్ పెన్ను మీద అందరి ఫిర్యాదూ ఒకటే: కక్కుతుంది. చొక్కా జేబు మీద నీలిమచ్చతో తిరిగిన మాస్టార్లని చూసిన తరం మనది. ఎందుకు కక్కుతుందో తెలిస్తే ఆపడం తేలికే. ట్యాంకు ఖాళీ అవుతున్నకొద్దీ ఇంకు చోటులోకి గాలి వస్తుంది. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి కింద ఉన్న ఇంకును బయటికి నెడుతుంది. గాలి ఎంత ఎక్కువుంటే అంత నెట్టుడు. అందుకే మూడో వంతుకి తగ్గగానే మళ్ళీ నింపేయాలి. మందపాటి ఎబొనైట్ వేడిని తొందరగా లోపలికి పోనివ్వదు కాబట్టి పలచటి ప్లాస్టిక్ కంటే తక్కువ కక్కుతుంది.

మర మీద సిలికాన్ గ్రీజు పలచగా పూయండి. వాసెలిన్ వద్దు, పెట్రోలియం సరుకు రబ్బరుని మెత్తబరిచి పాడుచేస్తుంది. పాత రోజుల్లో మర చుట్టూ దారం చుట్టేవారు, అదీ పనిచేసేది గానీ గ్రీజు ముందు దిగదుడుపే.

ఇంకు విషయంలో పిసినారితనం అక్కర్లేదు, ఎందుకంటే మంచిదే చౌక. కామెల్, మైసూరు బ్రిల్, కలకత్తా సులేఖ, వీటిలో దొరికిన రాయల్ బ్లూతో మొదలుపెట్టండి. నీళ్ళతో సులువుగా కడిగిపోతుంది, పెన్నుకి హాని ఉండదు. అదే గుణం వల్ల తడిస్తే రాతా పోతుంది, దస్తావేజుల మీదకి మాత్రం వేరే ఇంకు చూసుకోండి. డ్రాయింగుకి వాడే ఇండియన్ ఇంకు, స్టాంపు ప్యాడు ఇంకు పోశారంటే పెన్ను మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇండియన్ ఇంకులోని లక్క ఎండి ఫీడ్ గాడుల్ని శాశ్వతంగా మూసేస్తుంది. ఎరుపు ఇంకు పారదర్శకమైన తిత్తికి మరక పడేస్తుంది.

కాగితానికి ఒకటే మాట. మామూలు జెరాక్సు కాగితం మీద ఇంకు పాకుతుంటే పెన్నుని తిట్టకుండా కాగితం మార్చి చూడండి.

రోజూ వాడేటప్పుడు

రెండు రోజులు రాయకపోతే మూత గట్టిగా బిగించి పాళీ పైకి ఉండేలా పెట్టండి. వారాల తరబడి వాడనని తెలిస్తే ఇంకు వంపేసి, కడిగి, ఆరబెట్టి దాచండి. నెలకోసారి నీళ్ళతో కడిగితే పెద్ద మరమ్మతులు రావు. మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద పెన్ను వదిలేయొద్దు. విమానంలో అయితే నిండుగానైనా ఉంచండి, ఖాళీగానైనా ఉంచండి. సగం నింపిన పెన్నే గొడవ చేస్తుంది.

పెన్ను పాళీ మన చేతికి అలవాటుపడుతుంది, ఇంకొకరికి ఇస్తే పాడవుతుందని పెద్దవాళ్ళు అనేవారు. కొసకు పెట్టిన లోహం అంత తేలిగ్గా అరిగేది కాదు. ఇవ్వకూడని కారణం వేరే ఉంది: బాల్‌పెన్నుకి అలవాటుపడ్డ చెయ్యి గట్టిగా అదుముతుంది, రెక్కలు విచ్చుకుంటాయి. బ్యాంకులో పక్కాయన "ఒక్క సంతకం సార్" అని చెయ్యి చాపుతాడు, కాదనలేం. జేబులో అయిదు రూపాయల బాల్‌పెన్ను కూడా పెట్టుకుని, ముందు దాన్ని తీసి ఇవ్వండి.